రంగం వదినతో భీమిలి

మొన్న ఆవిడ పోయినప్పుడు అనకాపల్లి గవరపాలెం సగం మా గుమ్మంలోనే ఉంది. బెల్లం మార్కెట్‌లో కొట్లు మూసేసి వచ్చారు. గాజుల సాయిబు గారి మనవలు వచ్చారు. నేను ముఖం కూడా ఎరగని ముసలమ్మలు తుమ్మపాల నుంచి వచ్చి, శవం కాళ్ల దగ్గర కూలబడి, "రంగమమ్మా, మాకింక కబుర్లు ఎవులు సెప్తారే" అని ఏడ్చారు. నేను వంటింటి గడపలో నిలబడి, రేపు నేను పోతే వీళ్లలో ఎందరు వస్తారా అని ఆలోచిస్తున్నాను. శవాన్ని ఎదురుగా పెట్టుకుని ఆలోచించవలసిన సంగతి కాదు. కానీ ఆవిడ బతికున్నన్నాళ్లూ నాకు అలాంటి ఆలోచనలే వచ్చేవి. పోయిన రోజున మాత్రం ఎందుకు మారతాయి?

ఆవిడ మా ఆయనకి అప్ప, అంటే పెద్దక్క. నాకు వదిన. మా వైపు రంగూన్‌ని రంగం అంటారు. పెళ్లయిన కొత్తలోనే మొగుడితో ఓడెక్కి రంగం వెళ్లిపోయింది. అతను అక్కడ బియ్యం మిల్లులో మేస్త్రీ. జపాను వాళ్లు బాంబులు వేసినప్పుడు ఓడల్లో చోటు దొరకని వాళ్లంతా అడవులంట, కొండలంట నడిచి మన దేశం వచ్చారు. ఆవిడా అలాగే వచ్చింది. మొగుడు రాలేదు. దారిలో కలరా తగిలి పోయాడని చెప్పింది. అంతకు మించి చెప్పలేదు, ఎవరూ గుచ్చి అడగలేదు.

నేను కాపురానికి వచ్చేసరికి ఆవిడ ఆ ఇంట్లో పాతుకుపోయి ఉంది. అంతకు ముందు అది బెల్లం కొట్టువారి ఇల్లు. నేను వచ్చేనాటికి రంగమమ్మ ఇల్లు. పెళ్లి పందిరి విప్పకముందే వీధిలో ఆడవాళ్లు నన్ను రంగమమ్మ మరదలు అనేశారు. నాకూ ఒక పేరుందని ఎవరికీ తోచలేదు.

ఆవిడ చుట్ట కాల్చే తీరు చెప్పాలి. మా వైపు ఆడవాళ్లది అడ్డపొగ. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని, మూతి బిగించి, పని చేసుకుంటూనే పీలుస్తారు. మా అత్త అలాగే తాగేది. ఆవిడ మాత్రం రంగంలో అలవాటైన పద్ధతిలో, నిప్పు బయటికి పెట్టి, అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని, ఆకాశంలోకి పొగ వదిలేది. ఇంకొకరు అలా చేస్తే వీధంతా చెవులు కొరుక్కునేది. ఆవిడ చేస్తే, "రంగంలో అలాగేనట" అని ముచ్చటపడేవారు. ఒకసారి ఎవరూ లేకుండా చూసి నేనూ ఒక చుట్ట ముట్టించి అలా పట్టుకున్నాను. దగ్గొచ్చి కళ్లంట నీళ్లు కారాయి. అత్త లోపలికొచ్చి చూసి, "నీకెందుకే ఈ ఏసాలు" అంది.

సాయంత్రం అయ్యేసరికి మా అరుగు నిండిపోయేది. రంగంలో ట్రాము బండి గంట ఎలా మోగుతుందో నాలుకతో మోగించి చూపించేది. ఎండలో మెరిసే బంగారు గోపురం గురించి చెబుతూ, అది నిజంగా ఎదురుగా ఉన్నట్టు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆ చెయ్యి చూసి వినేవాళ్లూ కళ్లు చికిలించేవారు. గాజుల సాయిబు గారి భార్యతో ఉర్దూ మాట్లాడేది. ఆ ఇల్లాలు మా వీధిలో ఉంటున్న ఇన్నేళ్లలో నాతో గాజుల కొలత తప్ప వేరే మాట ఎత్తలేదు. ఆవిడ వస్తే మాత్రం నవ్వి నవ్వి పైట నోట్లో కుక్కుకునేది.

పాలు పొంగిపోయినా, బెల్లం ధర పడిపోయినా ఆవిడది ఒకటే మాట. "ఏటవుతాది? ఏటీ అవదు." ఆ మాట వింటే మా ఆయన ముఖం తేట పడేది. ఓ రోజు పాలు పొంగితే నేనూ అదే అన్నాను. అత్త చేతిలో ఉన్న అట్లకాడ నా వైపు విసిరింది.

నాకు కొడుకు పుట్టాక ఇంకా కష్టమైంది. వాడు నా దగ్గర పాలు తాగి ఆవిడ దగ్గర పడుకునేవాడు. నేను జోకొడితే ఏడ్చేవాడు. "సిన్నపిల్లవి, నీకు సేతకాదులే, ఇలాగియ్యి" అని ఆవిడ అందుకుంటే ఇట్టే నిద్రపోయేవాడు. నాకు సాయం చేసినందుకు అందరూ ఆవిడను మెచ్చుకునేవారు. నేనూ మెచ్చుకోవలసి వచ్చేది.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ మీద గొణుక్కోవడానికి నాకు వీలు దొరికేది. ఆవిడ నడిచేది కాదు. ఇంట్లో ఎంత పనైనా చేసేది. నూతి దగ్గర నుంచి రెండు బిందెలు ఒక్కసారే ఎత్తుకొచ్చేది. వీధి దాటి ఎక్కడికైనా వెళ్లాలంటే జట్కా కావాలి. పెళ్లి పేరంటానికి మేమంతా నడిచి వెళ్తుంటే ఆవిడ జట్కాలో మమ్మల్ని దాటి వెళ్లేది. మహారాణి అనుకునేదాన్ని. పైకి అనే ధైర్యం లేదు.

స్వరాజ్యం వచ్చిన ఏడు, వేసవిలో, బెల్లం సీజను ముగిసి మార్కెట్ ఖాళీగా ఉన్నప్పుడు, ఎక్కడికైనా వెళ్లొద్దామని మాట వచ్చింది. "భీమిలి వెళ్దాం" అన్నాను. పెద్దల మధ్య నేను మొదటిసారి నోరు విప్పడం అదే. భీమునిపట్నం మా అమ్మమ్మ ఊరు. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు, ఇప్పుడు ఇసకా, తాటిచెట్లూ, గాలీ మిగిలిన ఊరు. అనకాపల్లిలో దాన్ని చూసినవాళ్లు తక్కువ. నాకు మాత్రం సందు సందూ తెలుసు. ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు, నేను ముందు నడిస్తే అందరూ వెనక రావాలి, నేను చెబితే వినాలి. నాకు కావలసింది అంతే.

మా ఆయన ఒప్పుకున్నాడు. గాజుల సాయిబు గారిదీ కలిపి నాలుగు కుటుంబాలు ఒక బొగ్గు బస్సు మాట్లాడుకున్నారు. యుద్ధంలో పెట్రోలు కరువైనప్పుడు వెనకాల బాయిలరు తగిలించి బొగ్గుల పొగతో నడిపిన బస్సులు అప్పటికింకా తిరుగుతున్నాయి. వారం రోజులు నేను మనసులో కథలు కూర్చుకున్నాను. ముఖ్యంగా ఒలందా దొరల, అంటే డచ్చివాళ్ల, సమాధుల కథ. వాటిలో ఒకదాని కింద ఒక కెప్టెను పెళ్లాం ఉందని మా అమ్మమ్మ చెప్పేది. రోజూ ఒడ్డున నిలబడి మొగుడి ఓడ కోసం చూసేదట. ఓడ వచ్చిన నాటికి ఆవిడ లేదట. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. భీమిలిలో మా పిన్నమ్మకి కబురు పంపాను. మధ్యాహ్నం పాతికమందిమి వస్తాం, మజ్జిగ చేసి ఉంచమన్నాను.

తెల్లవారుతూనే బయల్దేరాం. సముద్రం కనబడేసరికి బస్సులో పిల్లలు కేకలు పెట్టారు. దిగగానే నేను ముందు నడిచాను. దీపస్తంభం చూపించాను, గడియార స్తంభం చూపించాను. అందరూ నా వెనకే వచ్చారు. "ఈ ఊరు నీకు బాగా తెలుసే" అన్నాడు మా ఆయన. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆవిడ కూడా వెనకే, ఊళ్లో దూరాలు చిన్నవి కాబట్టి, నా కొడుకుని చంకనేసుకుని నెమ్మదిగా వస్తోంది.

సమాధుల దగ్గరికి వచ్చాం. తుప్పల మధ్య సూదిమొనల్లా లేచిన పాతకాలపు రాళ్లు. అందరూ నా చుట్టూ నిలబడ్డారు. గొంతు సవరించుకుని, "ఇక్కడ ఒక దొరసాని" అని మొదలుపెట్టాను.

ఆవిడ ఒక రాయి మీద అరచెయ్యి వేసి నిమురుతోంది. నన్ను ఆపాలని కాదు, తనలో తను అనుకుంటున్నట్టే అంది. "ఎంత దూరం వచ్చి సచ్చిపోయేరో. ఈళ్లకి పిండాలు ఎవులెట్టుంటారు?"

అందరూ ఆవిడ వైపు తిరిగారు. తర్వాత మా అత్త మూట విప్పి, విస్తరాకు చింపి, పులిహోర కాస్త తీసి ఆ రాయి ముందు పెట్టింది. ఇంకో ఇద్దరు బెల్లం ముక్కలు పెట్టారు. గాజుల సాయిబు గారి భార్య తల మీద కొంగు కప్పుకుని పెదాలు కదిపింది. మగవాళ్లు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డారు. నా దొరసాని నా నోట్లోనే ఉండిపోయింది. తర్వాత ఎవరూ, "ఏదో చెప్పబోయావు కదా" అని అడగలేదు.

ఒడ్డుకి వెళ్లాక అంతకంటే అన్యాయం. తెప్పలు లాగి ఆరబెట్టిన చోట ఒక ముసలి జాలరి వల కుట్టుకుంటున్నాడు. ఆవిడ చుట్ట కాల్చే తీరు చూసి లేచి వచ్చాడు.

"అమ్మా, మీరు రంగంలో ఉన్నారేటి?"

"ఉన్నాను బావూ. నువ్వో?"

"కుర్రతనంలో రేవులో మూటలు మోసేను."

ఇంకేముంది. ఇద్దరూ ఇసకలో కూర్చుని బర్మా మాటలు ఒకటి ఆవిడ, ఒకటి అతను గుర్తు చేసుకుని నవ్వుకోవడం మొదలెట్టారు. అతను మనవణ్ణి తాటిచెట్టెక్కించి ముంజకాయలు దింపించాడు. మా వాళ్లంతా చుట్టూ చేరి ముంజలు జుర్రుకుంటూ వింటున్నారు. మా ఆయన కూడా.

"పిన్నమ్మ ఇంటికి వెళ్లాలి, మజ్జిగ చేసి ఉంచింది" అన్నాను.

"ఉండవే, ఎల్దాం" అంది అత్త, నా వైపు చూడకుండా.

కొంతసేపు నిలబడ్డాను. కొడుకుని రమ్మన్నాను. వాడు ఆవిడ ఒళ్లోంచి కదల్లేదు. ఒక్కదాన్నే వెళ్లాను. పిన్నమ్మ కుండ మజ్జిగలో అల్లం, నిమ్మాకు వేసి, వాకిట్లో చాపలు పరిచి, అరువు తెచ్చిన గ్లాసులు కడిగి బోర్లించి కూర్చుంది.

"మిగతావోళ్లు ఏరే?" అంది.

"ఎండకి పడుకున్నారు" అన్నాను.

పిన్నమ్మ నా ముఖంలోకి చూసింది. ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చింది. అన్ని చాపల మధ్యా కూర్చుని తాగాను. ఆ గ్లాసు తాగుతున్నంతసేపూ, దేవుడా, మా వదిన ఒక్కసారి అందరి ముందూ చిన్నబోవాలి, నేను చూడాలి అని కోరుకున్నాను.

తిరుగు ప్రయాణం పొద్దు చాలా ఉండగానే మొదలైంది. ఊరు దాటి కొంత దూరం వచ్చాక బస్సు ఆగిపోయింది. బాయిలరు రాజుకోవడం లేదు. క్లీనరు పిడి తిప్పి తిప్పి చెమటలు కక్కాడు. అక్కడ చెట్టు నీడ కూడా లేదు, రెండు పక్కలా ఎర్రమట్టి. ముందు ఊరు కనుచూపు మేరలోనే ఉంది, అక్కడికి నడిచి వెళ్తే ఎడ్లబళ్లు దొరుకుతాయన్నాడు డ్రైవరు.

మగవాళ్లు మూటలు భుజానికెత్తారు. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకున్నారు. వరసగా రోడ్డు మీద నిలబడ్డాం. మార్కెట్‌లో మా పక్క కొట్టాయన నవ్వుతూ అన్నాడు. "రంగం నుంచి నడిసొచ్చిన మడిసి మనతో ఉంటే భయమేటి? నువ్వు ముందు నడు అప్పా, నీ ఎనకాల మేం వత్తాం."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నా కొడుకుని భుజానేసుకుని నాలుగడుగులు వేసింది. ఆగింది. వెనక్కి తిరిగి మా వరసని చూసింది. మూటలు, పిల్లలు, ధూళి. చూస్తూ చూస్తూ రోడ్డు పక్కన కూర్చుండిపోయింది.

ఇదొక కొత్త వేషం అనుకున్నాను. జట్కా లేదుగా.

మా ఆయన వంగి, "ఏటైంది అప్పా, కాలు మెలిక పడ్డాదా?" అన్నాడు. అత్త వచ్చి భుజం పట్టి లేపబోయింది. ఆవిడ లేవలేదు. ముఖంలో రక్తం లేదు. ఎంత పిలిచినా పలకలేదు. చుట్టూ నిలబడ్డవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను మధ్యాహ్నం కోరుకున్నది జరుగుతోంది. జరుగుతుంటే నాకు ఏమీ బాగా లేదు.

చివరికి మా ఆయన, ముందు వెళ్లి బండి పంపిస్తానన్నాడు. ఎవరు ఉంటారన్న ప్రశ్న వచ్చింది. పిల్లాడు ఆవిడ భుజం మీదే నిద్రపోయాడు. వాణ్ణి తీస్తే లేచి ఏడుస్తాడు. వాడి తల్లిని కాబట్టి నేను ఉన్నాను. డ్రైవరూ క్లీనరూ వెనకాల బస్సు దగ్గర బాయిలరుతో కుస్తీ పడుతున్నారు. మిగతా అందరూ నడుచుకుంటూ వెళ్లిపోయారు. వాళ్లు వంపు తిరిగేదాకా ఆవిడ తల ఎత్తలేదు.

నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నా గాజులు మణికట్టులో గుచ్చుకునేంత గట్టిగా పట్టుకుంది.

"ఆడు సచ్చిపోనేదే పిల్లా" అంది.

"ఎవరు వదినా?"

"మీ అన్నయ్య. అప్పటికింకా సచ్చిపోనేదు. రోగం తగిలీసింది. నాలాగే, ఇలాగే, దారి పక్కన కూకుండిపోయేడు. మా గుంపు ఎల్లిపోతన్నాది. గుంపు తప్పితే ఆ అడివిలో ఉండిపోవాల. నువ్వు నడు, నానెనకాల వత్తాను అన్నాడు. రాడని నాకు తెలుసు. నాకు తెలుసని ఆడికీ తెలుసు."

నేను కొంగు లాగి పిల్లాడి ముఖానికి ఎండ తగలకుండా అడ్డం పెట్టాను.

"నడిచేను. ఎనక్కి తిరిగి సూడనేదు. సూత్తే నానూ కూకుండిపోదును."

ఆవిడ ఏడవలేదు. పిల్లాడి వీపు నిమురుతూనే ఉంది. "అమ్మకి సెప్పకు. తమ్ముడికి సెప్పకు. ఆళ్లకి తెలిస్తే నన్నెలాగ సూత్తారో" అంది.

"చెప్పను వదినా."

"ఇందాక ఆళ్లందరూ మూటలెత్తుకుని నిలబడితే, అదే వరస నాకు కనబడ్డాది. కాళ్లు రానేదు."

నాకు జాలేసింది. అది నిజం. దానితో పాటే ఇంకోటి కూడా నిజం. అరుగు నిండా కూర్చునే వాళ్లెవరికీ చెప్పని మాట, కన్నతల్లికి చెప్పని మాట, తోడబుట్టినవాడికి చెప్పని మాట నాకు చెప్పింది. ఇంతమందిలో నాకు. లోపల సంతోషం ఉబికింది. అది ముఖంలో కనబడుతుందేమోనని తల వంచుకుని, రెండో చెయ్యి కూడా ఆవిడ చేతి మీద వేశాను.

ఎడ్ల మెడలో గంటలు వినబడేసరికి ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. నా చెయ్యి వదిలేసింది. బండి మీద నుంచి మా ఆయన కంగారుగా దిగుతుంటే, "ఏరా, రంగంలో ట్రాము కూడా ఇంత ఆలీసంగా రాదు" అంది. మా ఆయన ప్రాణం లేచివచ్చినట్టు నవ్వాడు. ఊళ్లోకి చేరేసరికి ఆవిడ చుట్టూ మళ్లీ గుంపు కట్టారు. ఎండదెబ్బ తగిలిందని ఒకరు ఉల్లిపాయ తెచ్చారు, ఒకరు విసనకర్ర పట్టారు. నేను బండి తోక పట్టుకుని నిలబడ్డాను.

ఆ తర్వాత ఆ మాట మా మధ్య మళ్లీ రాలేదు. ఒక్క ఇంట్లో అన్నేళ్లు బతికాం. ఆవిడ అదే అరుగు మీద అదే ట్రాము గంట మోగించేది. నా కొడుకు పెద్దవాడయ్యాక కూడా పరీక్ష పాసైతే ముందు ఆవిడకే చెప్పేవాడు. అత్త పోయేటప్పుడు తాళాలు ఆవిడ చేతిలో పెట్టింది. మా ఆయన పోయేటప్పుడు చివరిగా అడిగింది అప్ప ఏది అని. అన్నిటికీ నేను మండిపోయాను. కానీ ఎంత మండినా, సాయంత్రం గుమ్మంలో నిలబడి ఆ గుంపుని చూస్తుంటే, మీకెవరికీ తెలియదు, నాకు తెలుసు అనుకునేదాన్ని. ఆ ఒక్కటీ నాది. దాన్ని ఎవరూ పంచుకోలేదు. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని ఆవిడ కబుర్లే చెప్పుకున్నారు. ఎవరి దగ్గర చూసినా ఒక రంగం కథ ఉంది. నేను నా దాన్ని ఒడిలో పెట్టుకున్నట్టు ఊరుకుని కూర్చున్నాను. మనసుకి హాయిగానే ఉంది.

అందరూ వెళ్లాక నా కొడుకు వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడికీ తల నెరిసింది. "అమ్మా, ఒక మాట. రంగం అత్త ఎవరికీ చెప్పొద్దంది. ఇప్పుడు తనే లేదు కదా, నీకు చెప్పాలనిపించింది" అన్నాడు.

"ఏమిటి?"

"మావయ్య దారిలో చచ్చిపోయాడంటారు గాని, కాదట. రోగం తగిలి దారి పక్కన కూర్చుండిపోయాడట. అత్త వదిలేసి నడిచి వచ్చేసిందట. నాకు మాడుగులలో మాస్టరు ఉద్యోగం వచ్చినప్పుడు, బయల్దేరే ముందు చెప్పింది."

ఇన్నేళ్లూ ఒడిలో దాచుకున్నదాంట్లో నాకు ఏమీ మిగల్లేదు.

వాడు గొంతు తగ్గించాడు. "మావయ్య తన చెప్పులు విప్పి అత్త కాళ్లకి తొడిగేడట అమ్మా. నాకింకెందుకు, నడిసేదానివి నువ్వు కదా అన్నాడట. అవి పెద్దవై జారిపోతుంటే, చీర అంచు చింపి పాదాలకి కట్టుకుని నడిచిందట." కళ్లు తుడుచుకుని నా వైపు చూశాడు. "నీకు తెలుసా ఇది?"

చెప్పుల సంగతి ఆవిడ నాకు చెప్పలేదు.

"తెలుసు" అన్నాను. "నాకే ముందు చెప్పింది."